పురుగు బతికిన నీళ్ళు

నన్ను నీళ్ళున్న ఊరికి ఇచ్చామని మా పుట్టింటివాళ్ళు తెగ మురిసిపోయారు. మాది కామవరపుకోట దగ్గర మెట్ట. బోరులో నీళ్ళు దిగిపోయి మొక్కజొన్న నిలువునా ఎండిపోవడం చూస్తూ పెరిగినవాళ్ళం. అలాంటివాళ్ళకి మండవల్లి దాటి కొల్లేటి అంచుకి వచ్చేసరికి బస్సు కిటికీకి రెండు పక్కలా కనుచూపు మేర నీళ్ళే కనిపిస్తే కళ్ళు చెదరవూ? "మా పిల్లకి ఇక నీళ్ళ కరువు లేదు" అని మా నాన్న పెళ్ళిలో పదిమందికీ చెప్పుకున్నాడు. ఆ నీళ్ళలో గుక్కెడు తాగేవి లేవని ఆయనకి ఎవరూ చెప్పలేదు. సంబంధం మాట్లాడేటప్పుడు పొలం ఎంత అని అడుగుతారు, అబ్బాయి ఏం చదివాడని అడుగుతారు. మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారని అడిగిన పెళ్ళిపెద్దను నేను ఇంతవరకూ చూడలేదు.

కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే మా అత్తగారు నన్ను వెనక వసారాలోకి తీసుకెళ్ళి గోలెం చూపించారు. నా నడుమెత్తు ఉంటుంది, సిమెంటుది. మూత లేదు, పక్కన కొక్కేనికి ఒక తెల్ల పంచె గుడ్డ వేలాడుతోంది. ఆవిడ గ్లాసుతో నీళ్ళు ముంచి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అందులో సన్నటి పురుగులు మూడో నాలుగో తలకిందులుగా వేలాడుతున్నాయి. గ్లాసు కదిలితే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగుతున్నాయి.

"చూశావా అమ్మా, ఎలా ఆడుకుంటున్నాయో," అన్నారు.

"పురుగులండీ అత్తయ్యగారూ," అన్నాను.

"పురుగులే. పురుగు బతికిన నీళ్ళమ్మా ఇవి. పురుగే బతకని నీళ్ళు మనిషికి పనికొస్తాయా ఏవిటి?"

అని, పంచె గుడ్డ బిందె మూతికి కట్టి నీళ్ళు వడకట్టారు. గుడ్డలో మిగిలిన పురుగులని కింద పారేస్తారనుకున్నాను. పారేయలేదు. గుడ్డని మెల్లగా తిరగేసి గోలెంలోనే జాడించారు. అవి ఉంటేనే కదా నీళ్ళు మంచివని తెలిసేది అన్నారు.

వినేవాళ్ళకి ఇది వెర్రితనంలా ఉంటుంది. నాకూ మొదట అలాగే ఉండేది. మా అత్తగారి మీద నవ్వేముందు ఆవిడ ఏం చూసి అలా తయారయ్యారో తెలుసుకోవాలి. ఆవిడ కొత్తకోడలుగా వచ్చినప్పుడు కొల్లేట్లో దోనె మీద పోతూ చేత్తో ముంచుకుని తాగేవారట. తర్వాత ఒక్కొక్క పొలమే చేపల చెరువైంది. మా పొలమూ అయింది, మామగారు లీజుకి ఇచ్చారు, ఆ పాపంలో మా వాటా నేను దాచను. చివరికి ఊరి మంచినీళ్ళ చెరువుకి నాలుగు పక్కలా చేపల చెరువులూ రొయ్యల చెరువులూ వచ్చి కూర్చున్నాయి. రొయ్యకి జబ్బు చేస్తే మందు, నీటికి రంగు మారితే మందు, నాచు పడితే మందు. ఒక వానాకాలం గట్టు తెగి ఆ మందు నీళ్ళు మంచినీళ్ళ చెరువులో కలిశాయి. తెల్లారేసరికి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. అప్పటికే నీళ్ళు పట్టుకుపోయిన ఇళ్ళల్లో వాంతులు. మా పాడిగేదె ఒకటి కుడితి తాగి పడిపోయింది. ఊళ్ళో పెద్దమనిషి వచ్చి, నీళ్ళకేమీ కాలేదండీ, కాచుకుని తాగండి అని చెప్పి వెళ్ళాడట.

అప్పట్నుంచి ఆడవాళ్ళు పెద్దమనుషుల మాట వినడం మానేసి గ్లాసులోకి చూడడం మొదలుపెట్టారు. వాళ్ళ దగ్గర ల్యాబు లేదు, పురుగు ఉంది. మందు కలిసిన నీళ్ళలో పురుగు పుట్టదు, పుట్టినా బతకదు. ఆ మాట వరకు తప్పేమీ లేదు. మా వీధిలో ఏ ఇంట్లోనైనా నీళ్ళు అనుమానంగా ఉంటే మా గోలెంలోంచి రెండు పురుగులని గ్లాసుతో పట్టుకెళ్ళి వాళ్ళ నీళ్ళలో వేసుకుని చూసుకునేవాళ్ళు. మా అత్తగారు వాటిని పెరుగు తోడు ఇచ్చినంత సంతోషంగా ఇచ్చేవారు.

కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసేది కాదు. వచ్చినప్పుడు బురదగా వచ్చేవి. చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగేది. దిగిన మట్టి లేవకూడదు కాబట్టి గోలెం ఖాళీ చేయకూడదు, అడుగు కడగకూడదు, పాత నీళ్ళ మీదే కొత్త నీళ్ళు నెమ్మదిగా పోయాలి. ఇదీ మా ఇంటి పద్ధతి. తర్వాత మంచినీళ్ళ టిన్నులమ్మే ఆటో రావడం మొదలైనా మా అత్తగారికి ఆ నీళ్ళు నచ్చలేదు. అవి చచ్చిన నీళ్ళనేవారు. అదీగాక ఆటో తనకి తోచినప్పుడు వచ్చేది, వానకి గట్టు రోడ్డు బురదైతే అసలు వచ్చేది కాదు.

ఆ పురుగులు కొన్నాళ్ళు ఉండి మాయమైపోయేవి, మళ్ళీ కొత్తవి పుట్టేవి. పాతవి ఎక్కడికి పోతున్నాయని ఇంట్లో ఎవరమూ అడగలేదు. నేను డిగ్రీ చదివాను, మా ఆయన డిప్లొమా చేశారు. పుస్తకంలో దోమ బొమ్మ పక్కన ఎప్పుడూ మురుగుగుంట ఉంటుంది, పచ్చటి నాచు ఉంటుంది. అద్దంలాంటి నీళ్ళున్న గోలెం ఏ పుస్తకంలోనూ గీసి లేదు.

మాకు దోమలంటే తెలియక కాదు. సాయంత్రం పొద్దు గుంకితే చెరువుల వైపు నుంచి మూకుమ్మడిగా వచ్చేవి. నోరు తెరిస్తే నోట్లో పడేవి. వాటిని మేం తిట్టుకునేవాళ్ళం, వేపాకు పొగ వేసేవాళ్ళం, చెరువు వైపు కిటికీలకి మెష్ కొట్టించాం. పగలు, కాళ్ళ మీద తెల్లచారలతో, చప్పుడు చేయకుండా బల్లకింద తిరిగేదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అది కుట్టినా పెద్దగా నొప్పి ఉండదు. శత్రువు చెరువులో ఉన్నాడని ఊరంతా అటు తిరిగి కూర్చున్నాం.

మా ఆడపడుచుని తాడేపల్లిగూడెం ఇచ్చాం. అల్లుడికి ఉల్లిపాయల కొట్టు ఉంది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండింది. ఏడో నెలలో సీమంతం చేసి, తొలికాన్పు కాబట్టి మా ఇంటికి పురిటికి తీసుకొచ్చాం. శ్రావణ మాసం, ముసురు. మా అత్తగారికి కాళ్ళు నేల మీద లేవు. కూతురు పడుకునే చిన్నగదిలో, మంచం పక్కనే, ఒక చిన్న గోలెం కొత్తగా పెట్టించారు. అర్ధరాత్రి దాహమేస్తే పిల్ల లేచి వసారాలోకి రాకూడదని. పెద్ద గోలెంలో బాగా తేరిన నీళ్ళు తెచ్చి అందులో పోశారు. వాటితోపాటు పురుగులూ వచ్చాయి. ఆవిడ గ్లాసు వెలుతురుకి పట్టి చూసి, "బంగారంలాంటి నీళ్ళమ్మా, నీకూ నీ బిడ్డకీ," అన్నారు.

మా ఆడపడుచు చిన్నప్పట్నుంచీ ఆ నీళ్ళే తాగి పెరిగిన మనిషి. "గూడెంలో నీళ్ళకి ఈ రుచి లేదమ్మా," అంది. ఆ మాటకి మా అత్తగారు నా వైపు చూశారు, విన్నావా అన్నట్టు.

ఆ పిల్ల పగలల్లా ఆ గదిలోనే పడుకునేది. సాయంత్రం అయ్యేసరికి తలుపులు బిడాయించి, దోమతెర దించి, కాళ్ళకి గుడ్డ కప్పి, చెరువు దోమ ఒక్కటి కూడా దగ్గరికి రాకుండా కాపలా కాశాం. తెల్లారగానే తెర ఎత్తేసేవాళ్ళం. ఆ నెలలోనే ఎవరో ఆఫీసరు వస్తున్నారని పొగమిషను తెచ్చి రోడ్డు వెంట పొగ కొట్టారు. కడుపుతో ఉన్న మనిషికి ఆ పొగ మంచిది కాదని తలుపులు కిటికీలు అన్నీ మూసేశాం. పొగ మురుక్కాలవ మీదుగా పోయింది, దోమలు మా గదిలో క్షేమంగా ఉన్నాయి.

ఎనిమిదో నెల వచ్చాక జ్వరం వచ్చింది. కళ్ళ వెనక నొప్పి వదినా అంది. వానలో తడిసిందేమో అనుకున్నాం. ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చి ఒళ్ళునొప్పులకి సూది వేసి, వైరల్ ఫీవరండీ, ఊరంతా ఉంది, కంగారు పడకండి అన్నాడు. ఊరంతా ఉంటే ఎందుకు కంగారు పడకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జ్వరం తగ్గింది. మా అత్తగారు దేవుడికి దీపం పెట్టారు. జ్వరం తగ్గాకే అసలు ముప్పు మొదలవుతుందని మాకు ఎవరు చెప్పారు? మర్నాటికి పళ్ళ చిగుళ్ళలోంచి రక్తం. కారు మాట్లాడుకుని ఏలూరు తీసుకెళ్ళాం.

వార్డులో అడుగు పెడితే సగం మంది మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఒక మంచం మీద కొల్లేటికోట, ఇంకో మంచం మీద మా పక్కవీధి. అందరి నోటా ప్లేట్లెట్లు, బొప్పాయి ఆకు రసం. అప్పుడు కూడా మా మండలంలో డెంగీ లేదనే చెప్పుకుంటున్నారు పైవాళ్ళు. డాక్టరుగారు నెమ్మదస్తుడు. బాగా నీళ్ళు పట్టించండి, కొబ్బరినీళ్ళు, మంచినీళ్ళు, ఏవైనా సరే పట్టిస్తూ ఉండండి అని చెప్పారు.

మా అత్తగారికి ఆ మాట చాలు. మా ఆయన్ని ఊరికి పంపించి గోలెంలో నీళ్ళు వడకట్టించి సీసాల్లో తెప్పించారు. ఊరి నీళ్ళయితే పిల్లకి పడతాయని నమ్మకం. చెంచాతో కొంచెం కొంచెంగా కూతురికి పట్టిస్తూ, "తాగమ్మా, మన నీళ్ళే, తాగు," అంటూ కూర్చున్నారు. ఆ నీళ్ళలో విషం లేదు. ఇప్పుడు ఆ సంగతి నాకు తెలుసు. తాగితే డెంగీ రాదు. కానీ ఆ దృశ్యం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఎవరినో ఒకరిని పట్టుకుని కొట్టాలనిపిస్తుంది.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. తల్లిని దక్కించారు డాక్టర్లు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. తల్లి కళ్ళు తెరిచి ముందు అడిగింది బిడ్డ గురించి. మా అత్తగారు పక్కకి తిరిగి సీసా మూత బిగించుకుంటూ ఉండిపోయారు.

దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగినట్టు, మేము ఇంటికొచ్చాక దోమల డిపార్టుమెంటువాళ్ళు వచ్చారు. బూట్లు, టార్చిలైట్లు, మెడలో కార్డులు. పెద్దాయన ఒకరు చెరువు వైపు కూడా చూడకుండా తిన్నగా వెనక వసారాలోకి వెళ్ళి గోలెంలోకి లైటు వేశారు. మా ఇంటి ముందు వీధి వీధంతా పోగైంది. ఆయన గ్లాసుతో నీళ్ళు ముంచి, అచ్చం మా అత్తగారు పట్టుకున్నట్టే వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఏవిటండీ ఇవి?" అన్నారు.

"పురుగులండీ బాబూ," అన్నారు మా అత్తగారు.

"దోమపిల్లలమ్మా ఇవి. రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. మీ అమ్మాయిని కుట్టినవి ఇవే. మీ ఇంట్లో మీరే పెంచుకున్నారు."

అందరూ వింటుండగా అన్నాడా మాట. అబద్ధం కాదు. నిజాన్ని కూడా చెప్పులా వాడొచ్చని ఆ రోజు చూశాను. మా అత్తగారు గ్లాసులోకి వంగి చాలాసేపు చూశారు. ఎన్నో ఏళ్ళుగా రోజూ చూస్తున్నవే. తర్వాత చిన్నగదిలో గోలెం దగ్గరికి ఆవిడే నడిచి వెళ్ళి, "ఇందులోవి కూడానాండీ?" అని అడిగారు. ఆయన లైటు వేసి చూసి తలూపాడు.

ఇద్దరు మనుషులు రెండు గోలేలూ వంచారు. నీళ్ళు వసారా దాటి పెరట్లోకి పారాయి. ఒకడు సెల్‌ఫోనుతో ఫోటో తీశాడు, ఖాళీ గోలెం పక్కన మా అత్తగారు నిలబడి ఉండగా. ఆవిడ తన కాళ్ళ చుట్టూ పోతున్న నీళ్ళని చూస్తూ అడిగారు.

"మరి మమ్మల్ని ఏ నీళ్ళు తాగమంటారండీ?"

"వారానికోసారి పారబోసి, తోమి, ఎండబెట్టి, మళ్ళీ పట్టుకోండమ్మా. మూత పెట్టుకోండి."

"పారబోస్తాం గానండీ, మళ్ళీ ఎక్కడ పట్టుకోమంటారు?"

అది మా డిపార్టుమెంటు కాదమ్మా అని మెల్లగా అన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నది ఇలాంటివాళ్ళని చూసే పుట్టి ఉంటుంది. నేను ఉండబట్టలేక, "ఏవండీ, గోలెం వంచడానికి ఇంతమంది వచ్చారు కదా, ఈ గోలెం ఇక్కడికి ఎందుకొచ్చిందో అది కూడా టార్చిలైటు వేసి చూడండి," అన్నాను. మా ఆయన నా చెయ్యి పట్టి లాగారు. ఆ పెద్దమనిషికి మాత్రం నేను దేని గురించి మాట్లాడుతున్నానో బాగా తెలుసు. చెరువుల వైపు ఒకసారి చూసి, జీపెక్కాడు.

ఆ తర్వాత ఊళ్ళో మాట మారిపోయింది. మా దగ్గర పురుగులు పట్టుకెళ్ళినవాళ్ళే, ఆ ఇంటి గోలెమే బిడ్డని తీసుకుపోయిందని చెప్పుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు చప్పుడు చేయకుండా పారబోసుకున్నారు. కుళాయి రాక, ఆటో రాక, మళ్ళీ చప్పుడు చేయకుండా నింపుకున్నారు. మంచినీళ్ళ చెరువులోకి ఎవరి మందు నీళ్ళు వచ్చాయో ఆయన పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఆయన చెరువులో చేప ఎప్పటిలాగే లారీలెక్కి పోతూనే ఉంది. ఆయన దగ్గర్నుంచి మాకు లీజు వస్తూనే ఉంది, కాబట్టి మేమూ ఎత్తలేదు. ఇవన్నీ కలిస్తే ఒక దోమ. ఆ దోమకి తల్లి మా అత్తగారని తేల్చేశారు.

గోలేలని మా ఆయన గునపంతో పగలగొట్టారు. ఇప్పుడు నీలంరంగు ప్లాస్టిక్ డ్రమ్ము, దానికి మూత, మూత మీద గుడ్డ కట్టు. ప్రతి శుక్రవారం మా అత్తగారు డ్రమ్ము వంచుతారు. చుక్క నీరు ఒలికితే పాపమని నేర్పిన మనిషి, అడుగున నీళ్ళు ఇంకా ఉండగానే పెరట్లో పారబోస్తారు. నేను వంచుతానండీ అంటే వద్దంటారు. అన్నాళ్ళూ నీళ్ళని చూసి నవ్విన మొహంతో ఇప్పుడు అటు చూడకుండా వంచుతారు. గ్లాసు మాత్రం వెలుతురుకి పట్టడం మానలేదు. ఇదివరకు పురుగు కోసం చూసేవారు, ఇప్పుడు పురుగు లేదని చూసుకుంటారు. పురుగు లేని నీళ్ళని నమ్మడం ఆవిడకి ఇంకా చేతకావడం లేదు. తాగేముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ నీళ్ళలో ఏ మందు కలిసిందో చెప్పడానికి ఆవిడకి ఇప్పుడు ఎవరూ లేరు.

మా ఆడపడుచు ఆసుపత్రి నుంచి తిన్నగా గూడెం వెళ్ళిపోయింది. పండగలకి రాలేదు. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడేది, అన్నయ్య ఎలా ఉన్నాడు, నాన్న మందులు వేసుకుంటున్నారా అని అడిగేది. ఎప్పుడొస్తావమ్మా అని తల్లి అడిగితే, చూస్తానమ్మా, కొట్టు పని ఉంది అనేది. మా అత్తగారు ఫోను పెట్టేశాక, వస్తుందిలే, పిల్ల మనసు కుదుటపడాలిగా అని నాకు చెప్పేవారు. కూతురు మళ్ళీ ఆ గుమ్మంలో అడుగుపెడితే చాలన్నదే ఆవిడకి మిగిలిన కోరిక.

మొన్న మామగారికి కంటి ఆపరేషను అయింది. చూడ్డానికి వచ్చింది. ఉదయం బస్సు దిగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానని ముందే చెప్పింది. కొంచెం చిక్కింది. నన్ను చూసి నవ్వింది, తండ్రి పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. చిన్నగది వైపు మాత్రం చూడలేదు.

మా అత్తగారు పొద్దున్నుంచీ సిద్ధం చేసుకుంటున్నారు. ముందురోజే టిన్ను తెప్పించి, ఆ నీళ్ళు కాచి, చల్లార్చి, కొత్త స్టీలు బిందెలో పోసి ఉంచారు. గ్లాసు బూడిదతో తోమారు. నీళ్ళు నింపి, వాకిలి వెలుతురుకి పట్టి చూసి, కూతురి దగ్గరికి తీసుకొచ్చి అందించారు.

"ఏవీ లేవమ్మా ఇందులో. కాచిన నీళ్ళే," అన్నారు.

"దాహంగా లేదమ్మా. అక్కడ పెట్టు, తాగుతాను," అంది నెమ్మదిగా.

మా అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టి, కూర చూసుకోవాలని వంటింట్లోకి వెళ్ళారు. మామగారు కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని పడుకుని ఉన్నారు. ఆ పిల్ల తన సంచీలోంచి గూడెం నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, గటగటా సగం తాగింది. ఎంత దాహంతో ఉందో పాపం. నేను వసారాలో ఉన్నాను కాబట్టి నాకు రెండు వైపులా కనిపిస్తోంది. మా అత్తగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. చూశారు. ఒక అడుగు వెనక్కి వేసి గోడ చాటుకి వెళ్ళి, కూతురు సీసా మూత బిగించి సంచీలో పెట్టుకునేదాకా అక్కడే నిలబడ్డారు. తర్వాత గట్టిగా దగ్గి, అప్పుడు బయటికొచ్చారు.

"కూర అయిపోయిందమ్మా, వడ్డించేస్తాను," అన్నారు.

సాయంత్రం బస్సు ఎక్కించి వచ్చాం. గ్లాసు బల్ల మీద నింపినది నింపినట్టే ఉంది. మా అత్తగారు దాన్ని తీసుకెళ్ళి, ఎంగిలి పడలేదు కదా అని, నీళ్ళు మళ్ళీ బిందెలో పోసేశారు.